వేసవి రీసెర్చ్ గ్రాంట్‌కి అప్లై చేయాలంటే: ముందు మెంటర్, తర్వాతే ప్రపోజల్

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ రెండో ఏడాది చదువుతున్నారు. క్యాంపస్ పక్కన పారే వాగులో, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఎంత కలుస్తోందో తేల్చాలని ఉంది. అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఆఫీసు వేసవి గ్రాంట్లు ప్రకటించింది, గడువు నాలుగు వారాలే. ప్రొఫెసర్లకు మెయిల్స్ పెడితే జవాబు రావడం లేదు. జీపీఏ (మార్కుల సగటు) 4కి 3.2, ఎఫ్‌-1 విద్యార్థి వీసా. మీ రూమ్మేట్ ఫిల్మ్ చదువుతోంది, ఆమె తీయాలనుకునే డాక్యుమెంటరీకి కూడా ఈ డబ్బు వస్తుందా అన్నది చివరి ప్రశ్న.

నేను ఇలాంటి యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతాను. ఏటా వేసవిలో విద్యార్థులకు మెంటర్‌గా, అంటే పరిశోధనలో దారి చూపే ప్రొఫెసర్‌గా ఉంటాను, ఈ గ్రాంట్లు ఎవరికివ్వాలో తేల్చే కమిటీల్లోనూ కూర్చున్నాను. అక్కడ చూసినదాన్ని బట్టి ఒక మాట ముందే చెబుతాను. చాలామంది ముందు ప్రపోజల్ రాసేసి, గడువుకు రెండు రోజుల ముందు సంతకం కోసం ప్రొఫెసర్‌ను వెతుక్కుంటారు. అలాంటి అప్లికేషన్ మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. మెంటర్‌తో రెండు మూడుసార్లు కూర్చుని మాట్లాడిన విద్యార్థి ప్రపోజల్‌లో ప్రశ్న పదునుగా ఉంటుంది, బడ్జెట్ నమ్మేలా ఉంటుంది, మెంటర్ లేఖలో పస ఉంటుంది. మీకున్న నాలుగు వారాల్లో మొదటి వారమంతా మెంటర్‌ను వెతకడానికే పెట్టండి. ఆ వారం ప్రపోజల్ ఒక్క లైను కూడా రాయకపోయినా ఫరవాలేదు.

అసలు ఈ గ్రాంట్లు పుట్టిందే ఆ సంబంధం కోసం. 1957లో పోలరాయిడ్ కంపెనీ స్థాపకుడు ఎడ్విన్ ల్యాండ్ ఎంఐటీలో ఉపన్యసిస్తూ, కాలేజీలో అడుగుపెట్టిన విద్యార్థికి మొదటి నుంచే సొంత పరిశోధన, దారి చూపే ఒక మనిషి ఉండాలని వాదించాడు. ఆ ఆలోచన పట్టుకుని 1969లో మార్గరెట్ మెక్‌వికర్ అక్కడ యూరాప్ (అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఆపర్చునిటీస్ ప్రోగ్రామ్) అనే కార్యక్రమం మొదలుపెట్టింది. విద్యార్థి ప్రొఫెసర్‌కు జూనియర్ సహోద్యోగిలా పనిచేయాలన్నది అందులో సూత్రం. ఆ తర్వాత చాలా యూనివర్సిటీలు అదే బాట పట్టాయి. కమిటీ దృష్టిలో ఇప్పటికీ డబ్బు ఇస్తున్నది మీ ఒక్కరికి కాదు, మీరూ మెంటరూ కలిసి చేసే పనికి.

ఇక మెయిల్స్ సంగతి. జవాబు రాకపోవడానికి కారణం చాలావరకు మెయిల్‌లోనే ఉంటుంది. "మీ రీసెర్చ్ అంటే నాకు చాలా ఆసక్తి, మీ ల్యాబ్‌లో అవకాశం ఇప్పించగలరు" అని మొదలై, కింద రెజ్యూమె జతచేసిన మెయిల్స్ మాకు వారానికి ఎన్నో వస్తాయి. పేరు మార్చి ఎవరికైనా పంపగల మెయిల్ అది. దానికి బదులు ఇలా రాసి చూడండి: "మీరు వాగుల్లో నైట్రేట్ల మీద రాసిన పేపర్ చదివాను. అందులో శాంపిల్స్ అన్నీ వసంతంలో తీసినవి. క్యాంపస్ పక్క వాగులో వేసవిలో ఉప్పు ఎంత నిలిచి ఉంటుందో చూడాలనుకుంటున్నాను. సెమిస్టర్ అయ్యాక పది వారాలు ఇక్కడే ఉంటాను. వచ్చే మంగళవారం మీ ఆఫీస్ అవర్స్‌లో పదిహేను నిమిషాలు మాట్లాడవచ్చా?" ఆరేడు లైన్లు చాలు. పేపర్ నిజంగా చదివి ఉండాలి సుమా, ఎదురుగా కూర్చున్నాక రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

మెయిల్‌కు జవాబు రాకపోతే వారం ఆగి, ఆఫీస్ అవర్స్‌కు నేరుగా వెళ్లండి. అవి విద్యార్థుల కోసం పెట్టిన సమయమే, మొహమాటపడకండి. మన పిల్లల్లో చాలామంది ఇక్కడే వెనకాడతారు. పెద్దవాళ్లను పిలవకుండా వెళ్లి అడగడం మర్యాద కాదేమో అనుకుంటారు. ఇక్కడ దాన్ని శ్రద్ధగానే తీసుకుంటారు. ఇంకో దారి కూడా ఉంది. మీ ల్యాబ్ క్లాసుకు టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) వచ్చే గ్రాడ్యుయేట్ విద్యార్థితో మాట్లాడండి. ఏ ప్రొఫెసర్ దగ్గర చోటు ఉంది, ఎవరు వేసవంతా ఊళ్లో ఉండరు, ఎవరు ఓపికగా నేర్పిస్తారు అన్నవి వాళ్లకు తెలిసినంతగా డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్ చూస్తే తెలియవు.

పేరున్న ప్రొఫెసర్ అయితేనే గ్రాంట్ వస్తుందనే అపోహ ఒకటి ఉంది. కమిటీ చూసేది అది కాదు. మెంటర్ లేఖలో మేం వెతికేవి చాలా మామూలు విషయాలు: వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, పరికరం వాడటం ఎవరు నేర్పుతారు, జులైలో మెంటర్ ఊళ్లో లేకపోతే రోజువారీ ఎవరు చూసుకుంటారు, పని మధ్యలో ఆగితే ప్రత్యామ్నాయం ఏమిటి. "ఈ విద్యార్థి చాలా తెలివైనవాడు, గట్టిగా సిఫారసు చేస్తున్నాను" అనే నాలుగు వాక్యాల లేఖ ఎంత పెద్దాయన రాసినా మాకు ఉపయోగపడదు. కాబట్టి లేఖ అడిగేటప్పుడే మీ ప్రపోజల్ డ్రాఫ్ట్, రివ్యూ ప్రమాణాలు రెండూ మెంటర్‌కు పంపండి. గడువుకు కనీసం పది రోజుల ముందు పంపండి.

ఇప్పుడు మీ ప్రశ్న దగ్గరకు వద్దాం. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాస్త ఎక్కువే రాస్తాను.

"రోడ్డు ఉప్పు వల్ల వాగుకు జరిగే నష్టం" అని మీరు పెట్టిన శీర్షికతో ప్రపోజల్ రాస్తే రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న: గ్రాంట్ వేసవిది కదా, అప్పుడు మంచెక్కడ, ఉప్పెక్కడ? ఇది మీకు దెబ్బ అనుకోకండి. అసలు ప్రశ్న ఇక్కడే దొరుకుతుంది. చలికాలంలో చల్లిన ఉప్పు అంతా మంచుతో కరిగి ఆ నెలల్లోనే కొట్టుకుపోదు. కొంత మట్టిలోకి, భూగర్భజలంలోకి ఇంకుతుంది. వానలు లేని రోజుల్లో వాగులో పారేది చాలావరకు ఆ భూగర్భజలమే. అందుకే చాలా నగర ప్రాంతాల వాగుల్లో ఉప్పు చల్లడం ఆగిన నెలల తర్వాత, నడివేసవిలో కూడా ఉప్పులోని క్లోరైడ్ ఎక్కువగానే ఉంటుంది. అంటే మీ ప్రశ్న ఇలా మారుతుంది: "ఉప్పు చల్లడం ఆపేసిన నెలల్లో, వాన పడని రోజుల్లో, చలికాలంలో ఉప్పు చల్లిన పార్కింగ్ స్థలాలకు ఎగువన, దిగువన క్లోరైడ్ ఎంత తేడాగా ఉంది?" ఇది పది వారాల్లో ఒక మనిషి చేయగల పని. వేసవి గ్రాంట్‌కు అతికినట్టు సరిపోతుంది. జవాబు ఏదొచ్చినా పనికొస్తుంది. తేడా లేదని తేలినా అదీ ఒక ఫలితమే.

పద్ధతి కూడా మీకు అందుబాటులోదే. ఉప్పు కలిస్తే నీటి విద్యుత్ వాహకత పెరుగుతుంది, దాన్ని కొలిచి నమోదు చేసే చిన్న లాగర్లు దొరుకుతాయి. వాగులో అమరిస్తే మీరు పెట్టుకున్న విరామం ప్రకారం, అంటే పావుగంటకోసారి అనుకుందాం, రీడింగ్ తీసుకుంటూ ఉంటాయి. ఒకటి ఎగువన, ఒకటి దిగువన పెట్టండి. అయితే వాహకత అంటే క్లోరైడ్ ఒక్కటే కాదు. కింద సున్నపురాయి ఉన్నా వాహకత పెరుగుతుంది. అందుకని వారానికోసారి సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబ్‌లో క్లోరైడ్ విడిగా కొలవాలి. అయాన్ క్రోమటోగ్రఫీ యంత్రం ఉంటే సరే, లేకపోతే సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్ చేయొచ్చు. ఆ రెండింటినీ గ్రాఫ్ గీసి సంబంధం చూపిస్తే లాగర్ రీడింగులకు అర్థం వస్తుంది. పోల్చడానికి గీటురాయి కూడా ఉంది. జలచరాల రక్షణ కోసం అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1988లో లీటరుకు 230 మిల్లీగ్రాముల క్లోరైడ్‌ను దీర్ఘకాల పరిమితిగా, 860ని స్వల్పకాల పరిమితిగా సూచించింది. మీ వాగు వేసవిలో 230కి ఎంత దూరంలో ఉందో చెప్పగలిగితే, సబ్జెక్టు తెలియని రివ్యూయర్‌కు కూడా ఎందుకు పట్టించుకోవాలో అర్థమవుతుంది.

ఆ సబ్జెక్టు తెలియని రివ్యూయర్‌ను మర్చిపోవద్దు. ఈ కమిటీల్లో ఒక కెమిస్ట్, ఒక చరిత్ర ప్రొఫెసర్, ఒక సంగీతం టీచర్, ఒక లైబ్రేరియన్ పక్కపక్కనే కూర్చుంటారు. మొదటి పేరాలో "బేస్‌ఫ్లో" అని రాసి వదిలేస్తే సంగీతం టీచర్ అక్కడే ఆగిపోతుంది. "వాన లేనప్పుడు భూమిలోంచి ఊటగా వాగులోకి వచ్చే నీరు" అని రాస్తే అందరికీ అందుతుంది. ప్రపోజల్ పూర్తయ్యాక మీ రూమ్మేట్‌కు ఇచ్చి చదివించండి. మీరేం చేయబోతున్నారో, మొదటి వారం ఎక్కడ మొదలుపెడతారో ఆమె తిరిగి చెప్పగలిగితే అది సిద్ధమైనట్టే.

టైమ్‌లైన్ రాసేటప్పుడు మొదటి రెండు వారాలను వివరంగా రాయండి. "జూన్: డేటా సేకరణ, జులై: విశ్లేషణ" అని రాస్తే ఇంకా ఆలోచించలేదని అర్థం. లాగర్లు ఆర్డర్ చేసిన ఎన్ని రోజులకు వస్తాయి, వాగు ఒడ్డున పరికరాలు పెట్టడానికి ఎవరి అనుమతి కావాలి, ఆ స్థలం యూనివర్సిటీదా, మున్సిపాలిటీదా, ప్రైవేటుదా అన్నవి ఇప్పుడే కనుక్కోండి. పని మొదలయ్యాక అనుమతి కోసం మూడు వారాలు ఖాళీగా కూర్చున్న ప్రాజెక్టులు ఉన్నాయి. లాగర్ వరదలో కొట్టుకుపోతే ఏం చేస్తారో ఒక వాక్యం రాయండి, అది చాలు.

బడ్జెట్ చాలామంది చివరి గంటలో నింపుతారు. రివ్యూయర్ మాత్రం దాన్ని శ్రద్ధగా చదువుతాడు, ఎందుకంటే పని ఎంత ఆలోచించారో అక్కడ దాచలేరు. "సామగ్రి" అని గుండుగుత్తగా ఒక మొత్తం వేయకండి. లాగర్లు ఎన్ని, ఒక్కోటి ఎంత, ఆ ధర ఏ కొటేషన్ నుంచి తీసుకున్నారు, శాంపిల్ పరీక్షకు ల్యాబ్ ఎంత తీసుకుంటుంది, మొత్తం ఎన్ని శాంపిల్స్ అన్నవి విడిగా చూపించండి. మెంటర్ ల్యాబ్‌లో ఇప్పటికే ఉన్న పరికరాన్ని వాడుకుంటుంటే ఆ మాట కూడా రాయండి, కమిటీకి భరోసా వస్తుంది. లాప్‌టాప్, ఫోన్ లాంటి వ్యక్తిగత వస్తువులు సాధారణంగా ఇవ్వరు. గ్రాంట్‌తో కొన్న పరికరాలు పని అయ్యాక యూనివర్సిటీకే చెందుతాయి. ఇంకో జాగ్రత్త: అవార్డు లెటర్ రాకముందే, కొనుగోలు నిబంధనలు తెలుసుకోకముందే మీ సొంత కార్డుతో ఏదీ కొనకండి. చాలా చోట్ల అలా కొన్న వాటికి డబ్బు తిరిగి రాదు.

బడ్జెట్‌లో అన్నింటికన్నా పెద్ద అంకె సాధారణంగా స్టైపెండే. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. వేసవంతా వేరే ఉద్యోగం చేసుకోవాల్సిన విద్యార్థి పరిశోధన చేయలేడు, స్టైపెండ్ ఇస్తున్నదే అందుకు. ఈ డబ్బు లేకపోతే పరిశోధన అనేది ఇంటి నుంచి డబ్బు వచ్చే పిల్లలకే మిగిలిపోతుంది. ఈ విషయంలో నాకు చాలా పట్టింపు ఉంది, కమిటీలో ప్రతిసారీ ఇదే వాదిస్తాను. అయితే ఒకే పనికి స్టైపెండూ క్రెడిట్లూ రెండూ తీసుకోనిచ్చే నియమం మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి. చాలా యూనివర్సిటీలు ఏదో ఒకటే ఎంచుకోమంటాయి.

జీపీఏ 3.2 గురించి టెన్షన్ పడకండి. కనీస అర్హత పెట్టి ఉంటే అది దాటారో లేదో చూసుకోండి, దాటితే అంతటితో సరి. 3.9 ఉండి ప్రశ్నే లేని ప్రపోజల్ కన్నా 3.2 ఉండి ఎగువన ఒక లాగర్, దిగువన ఒక లాగర్ ఎందుకు పెట్టాలో చెప్పగలిగిన ప్రపోజల్‌కే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

రూమ్మేట్ డాక్యుమెంటరీకి కూడా అవకాశం ఉంది. ప్రకటనలో "క్రియేటివ్ ప్రాజెక్టులు" అని రాశారో లేదో చూడమనండి, చాలా చోట్ల రాస్తారు. 1978లో ఏర్పడిన కౌన్సిల్ ఆన్ అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్ సృజనాత్మక పనిని కూడా పరిశోధన నిర్వచనంలోనే కలుపుకుంది. 1987లో నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో మొదలైన జాతీయ అండర్‌గ్రాడ్యుయేట్ పరిశోధన సదస్సుకు సైన్స్ పోస్టర్లతో పాటు నృత్యం, సంగీతం, చిత్రకళ కూడా వస్తాయి. ఆర్ట్స్ విద్యార్థులు చేసే పొరపాటు ఒకటుంది. తమ పనిని సైన్స్ భాషలోకి బలవంతంగా మార్చి "పరికల్పన", "డేటా" అని రాస్తారు. అవసరం లేదు. ఇదే విషయం మీద ఇంతకుముందు ఎవరు ఏ సినిమాలు తీశారు, వాటిలో లేనిది తన సినిమాలో ఏముంటుంది, ఎన్ని నిమిషాలు, ఎవరితో మాట్లాడుతుంది, మొదటి కట్ ఎప్పుడు మెంటర్‌కు చూపిస్తుంది, చివరికి ఎక్కడ ప్రదర్శిస్తుంది అన్నవి చెబితే చాలు. సినిమాలో వాడే సంగీతానికి హక్కుల ఖర్చు ఉంటే బడ్జెట్‌లో వేయమనండి.

ఆమె మనుషుల్ని ఇంటర్వ్యూ చేస్తుంది కాబట్టి ఐఆర్‌బీ అనే మాట వింటుంది. మనుషుల మీద జరిగే పరిశోధనలో వాళ్ల క్షేమం చూసే కమిటీ అది. సవరించిన ఫెడరల్ నిబంధనల ప్రకారం జర్నలిజం, మౌఖిక చరిత్ర లాంటివి, ఫలానా వ్యక్తుల గురించే సాగేవి, ఆ అర్థంలో "పరిశోధన" కిందికి రావు. కానీ ఆ తీర్పు తానే చెప్పుకోకూడదు. ఐఆర్‌బీ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు దాచుకోమనండి. ఐఆర్‌బీ అక్కర్లేదన్నా, కెమెరా ముందు మాట్లాడేవాళ్ల నుంచి అనుమతి పత్రం తీసుకోవాల్సిందే, వాళ్లకు అర్థమయ్యే భాషలో. మీ వాగు ప్రాజెక్టుకు ఈ బెడద లేదు, ఒడ్డున ఉండేవాళ్లను సర్వే చేద్దామని ఆలోచన వస్తే తప్ప.

వీసా సంగతి జాగ్రత్తగా చదవండి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో 1987 నుంచి నడుస్తున్న ఆర్‌ఈయూ (రీసెర్చ్ ఎక్స్‌పీరియన్సెస్ ఫర్ అండర్‌గ్రాడ్యుయేట్స్) వేసవి కార్యక్రమాలు అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. ఎఫ్‌-1 విద్యార్థి స్టైపెండ్ అందులో రాదు. యూనివర్సిటీ సొంత నిధులతో ఇచ్చే గ్రాంట్లకు ఆ అడ్డు తరచుగా ఉండదు, అందుకే మీకు ఈ గ్రాంట్ మరింత ముఖ్యం. డబ్బు ఫెలోషిప్ రూపంలో ఇస్తారా, గంటల లెక్కన జీతంగా ఇస్తారా అని రీసెర్చ్ ఆఫీసును అడగండి. జీతమైతే క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు. వేసవి సెలవుల్లో, మళ్లీ చేరే ఉద్దేశం ఉన్న విద్యార్థికి క్యాంపస్‌లో పూర్తి సమయం పనికి వీలుంది. ఏ రూపమైనా సరే, ఒప్పుకునే ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకు చెప్పి చేయండి.

ఫెలోషిప్‌గా వచ్చే స్టైపెండ్ నుంచి ఎఫ్‌-1 వాళ్లకు సాధారణంగా 14 శాతం పన్ను ముందే పట్టుకుంటారు. చేతికొచ్చే మొత్తం ఆ మేరకు తగ్గుతుందని ఇప్పుడే లెక్కేసుకుని అద్దె సంగతి చూసుకోండి. మరుసటి ఏడాది రిటర్న్ వేసేటప్పుడు, భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద భారతీయ విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ వర్తిస్తుంది, కాబట్టి పట్టుకున్నదాంట్లో కొంతో మొత్తమో వెనక్కి వచ్చే అవకాశం ఉంది. యూనివర్సిటీ పన్ను సహాయ శిబిరంలో ఈ మాట ప్రత్యేకంగా అడగండి.

మెంటర్‌తో మొదటి నెలలోనే ఇంకొక సంభాషణ జరగాలి: డేటా ఎవరి దగ్గర ఉంటుంది, పేపర్ వస్తే ఎవరి పేరు ఎక్కడ ఉంటుంది, మీరు గ్రాడ్యుయేట్ అయిపోయాక పనిని ఎవరు కొనసాగిస్తారు. అడగడానికి ఇబ్బందిగానే ఉంటుంది. మంచి మెంటర్లు మాత్రం ఆ ప్రశ్న వచ్చిందని సంతోషిస్తారు.

ఈసారి రాకపోతే రివ్యూయర్ల వ్యాఖ్యలు ఇమ్మని ఆఫీసును అడగండి, చాలామంది అడగరు. ఆ వ్యాఖ్యలు మెంటర్‌కు చూపించి, అదే ప్రపోజల్‌ను శీతాకాలపు గ్రాంట్‌కు మార్చండి, అప్పుడు నిజంగానే మంచూ ఉప్పూ రెండూ ఉంటాయి. ఈలోగా మెంటర్‌కు సొంత గ్రాంట్ ఉంటే గంటల లెక్కన పని ఇవ్వగలరేమో, డిపార్ట్‌మెంట్‌లో శాంపిల్ పరీక్షల వరకైనా చిన్న నిధి ఉందేమో అడగండి. లాగర్లు అరువు దొరికితే స్టైపెండ్ లేకుండానే ఒక నెల రీడింగులు తీసుకోవచ్చు. వచ్చే ప్రపోజల్‌లో ఆ నెల గ్రాఫ్ పెట్టండి.